పుట్టు వెంట్రుకలు తీయని ఇంట్లో జుట్టు చూసుకోవడం ఎలా

మా వాడికి ఏడాది నిండకముందే అమ్మ ఫోన్లో మొదలెట్టింది, పుట్టు వెంట్రుకలు ఎప్పుడు తీయిస్తారే, కొండకి వెళ్లాలంటే ముందే చూసుకోవాలి కదా అని. నేను చేసుకుంది సర్దార్‌ని, ఉండేది లూథియానాలో, ఆ సంగతి అమ్మకి తెలీక కాదు, కానీ పుట్టినప్పటి జుట్టు మీద ఒక్కసారి కూడా కత్తెర పడకుండా పిల్లాడు పెరుగుతాడు అనేది ఆవిడకి ఎక్కలేదు అంతే. "తీయం అమ్మా, ఎప్పుడూ తీయం" అన్నా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మరి అంత జుట్టు ఎవరు దువ్వుతారే రోజూ?" అంది.

ఎందుకు తీయరు అని అందరూ అడుగుతారు, ఎవరు దువ్వుతారు అని మా అమ్మ ఒక్కతే అడిగింది. ఇప్పుడు వాడికి పన్నెండేళ్లు, జుట్టు నడుం దాటింది, ఇన్నేళ్లూ దువ్వింది ఎక్కువగా నేనే. అందుకని నాకు తెలిసింది, మా బీజీ అంటే మా ఆయన వాళ్ల నానమ్మ నేర్పింది, నేను తప్పు చేసి నేర్చుకుంది అంతా ఇక్కడ రాస్తున్నా. సిక్కు ఇంట్లో కోడలిగానో అల్లుడిగానో వెళ్లినవాళ్లకి, క్లాసులో పట్కా, అంటే జుట్టు ముడి మీద కట్టే గుడ్డ, కట్టుకున్న పిల్లాడున్న టీచర్లకి, కొత్తగా కేశ్, అంటే కత్తిరించని జుట్టు, ఉంచుకోవాలి అనుకునేవాళ్లకి పనికొస్తుంది.

ముందు ఎందుకు అనేది కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే మిగతాదంతా బ్యూటీ టిప్స్ లాగా అయిపోద్ది. 1699 వైశాఖి రోజు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాని, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమూహాన్ని, మొదలుపెట్టారు, అమృతం (ఆ దీక్ష) తీసుకున్నవాళ్లకి, అంటే అమృతధారులకి, ఐదు కకార్లు, అంటే క అక్షరంతో మొదలయ్యే ఐదు గుర్తులు: కేశ్ (జుట్టు), కంఘా (చిన్న చెక్క దువ్వెన), కడా (చేతి కడియం), కచ్ఛెరా (లోపల వేసుకునే నిక్కరు), కిర్పాణ్ (చిన్న కత్తి). ఆ రోజు మొదట తల ఇస్తానని లేచిన ఐదుగురిలో భాయి సాహిబ్ సింగ్‌ది బీదర్, మన జహీరాబాద్ పక్కనే. సంప్రదాయం ప్రకారం ఆయన పుట్టింది మంగలి కుటుంబంలో. జుట్టు తీసే ఇంట్లో పుట్టిన మనిషి జుట్టు తీయని పంథ్‌కి (సిక్కు సమాజానికి) మొదటి ఐదుగురిలో ఒకరు, ఈ ముక్క విన్న రోజు నేను చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నా.

గురుద్వారాల నిర్వహణ చూసే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన రహత్ మర్యాదలో, అంటే సిక్కుల నియమావళిలో, అమృతధారి చేయకూడని నాలుగు పెద్ద తప్పుల్లో కేశాలకి అపచారం చేయడం ఒకటి. కేశాలు అంటే తల మీదవే కాదు, గడ్డం, కనుబొమ్మలు, ఒంటి మీద వెంట్రుకలు అన్నీ. ఆడవాళ్లకీ అదే రూల్, కాబట్టి అమృతధారి ఆడపడుచుకి పెళ్లి ముందు థ్రెడింగ్ చేయించుకోవే అని సలహా ఇవ్వకండి, నేను ఇచ్చా, ఆవిడ నవ్వి ఊరుకుంది కానీ నాకే సిగ్గేసింది.

రోజూ చేసే అర్దాస్ అనే ప్రార్థనలో, చివరి శ్వాస దాకా కేశాలతో సిక్కీని (సిక్కు ధర్మాన్ని) నిలబెట్టుకున్నవాళ్లని తలుచుకుంటారు. 1745లో లాహోర్‌లో సుబేదార్ (గవర్నర్) జకరియా ఖాన్ హయాంలో భాయి తారూ సింగ్ అని ఒక రైతు, అడవుల్లో దాక్కున్న సిక్కులకి అన్నం పెట్టాడని పట్టుకుని జుట్టు తీసేయబోతే ఒప్పుకోలేదు, ఆఖరికి తల మీద చర్మం ఒలిచేశారు. ఈ కథ మా వాడికి వాళ్ల తాతయ్య చెప్పాడు. ఇదే తాతయ్య 1984లో ఢిల్లీలో సిక్కుల మీద జరిగిన ఊచకోత గురించి మాత్రం మాట్లాడడు. ప్రాణం కాపాడుకోడానికి జుట్టు తీసేసుకున్నవాళ్లు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు, ఆయన వాళ్లని ఒక్క మాట కూడా అనడు.

మన దగ్గర మొక్కు తీర్చడానికి జుట్టు ఇస్తాం, ఇక్కడ దేవుడు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుతారు. మా అమ్మకి ఇలా చెప్పాకే కొంచెం తల ఊపింది. వాట్సాప్‌లో తిరుగుతుంటాయి చూడండి, వెంట్రుకలు యాంటెన్నాల్లా పనిచేస్తాయి, జుట్టు నుంచి విటమిన్ డి తయారవుద్ది అని, అవి నేను నమ్మను, మా ఇంట్లో కూడా ఎవరూ వాటి కోసం జుట్టు ఉంచుకోలేదు. గురువు చెప్పాడు, గురువు మోహర్ (ముద్ర) అది, అంతే.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. కేశ్‌తో పాటు కంఘా కూడా ఇచ్చాడు గురువు. దువ్వకుండా జడలు కట్టనిచ్చే సాధువులది వేరే దారి, సిక్కులది అది కాదు. పాత రహత్‌నామాల్లోనే (సిక్కుల నడవడి గురించిన పాత గ్రంథాల్లోనే) ఉంది, రెండు పూటలా దువ్వుకో, పాగా మడత మడత విప్పి మళ్లీ కట్టుకో అని. పూటకి పది నిమిషాలు పెట్టలేకపోతే ఆ జుట్టు ఆరు నెలల్లో మీ మాట వినడం మానేస్తది.

ట్రిమ్మింగ్ అనే మందు మన దగ్గర లేదు

ఇంటర్నెట్లో జుట్టు గురించి ఏ వీడియో చూసినా మూడు నెలలకోసారి కొసలు కత్తిరించండి అంటారు. మనకి అది కుదరదు. కొస చీలితే ఆ చీలిక పైకి పాకుద్ది, కాబట్టి చీలకుండా చూసుకోవడమే మొత్తం పని, మిగతా రూల్స్ అన్నీ దీని కోసమే. జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుద్ది, అంటే నడుం దగ్గరున్న కొస ఐదారేళ్ల పాతది, ఐదారేళ్లు రోజూ వాడిన చీర కొంగు ఎట్లా ఉంటదో అట్లా చూడండి దాన్ని. ఇంకోటి, కత్తిరించకపోతే నేల దాకా వస్తదేమో అని భయపడేవాళ్లున్నారు, రాదు. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరిగి తనే రాలిపోద్ది, ఎవరి పొడుగు వాళ్లకి ఉంటది.

తలస్నానం: దీన్ని కేసీ ఇష్నాన్ అంటారు. మా ఇంట్లో వారానికి ఒకటి రెండుసార్లు, చెమట పట్టే కాలంలో ఇంకోటి ఎక్కువ. జూడా, అంటే నడినెత్తి మీది ముడి, విప్పి తడపకముందే మొత్తం చిక్కు తీసేయాలి, చిక్కుతోనే తడిపితే అది తాడు ముడి బిగుసుకున్నట్టు బిగుసుకుంటది, తర్వాత ఏడుపే, వాడిదీ నాదీ. షాంపూ మగ్గులో నీళ్లు కలిపి పల్చన చేసి మాడుకి మాత్రమే పట్టించండి, కిందకి జారే నురగ చాలు పొడుగు జుట్టుకి. బట్టలు ఉతికినట్టు తల మీద పోగు పెట్టి రుద్దకూడదు. కొసలకి కండిషనర్, తెలుగులో చెప్పాలంటే బోలెడంత కండిషనర్. బీజీ ఇప్పటికీ పెరుగు పట్టిస్తుంది, ఆవిడ రీఠా అంటే మన కుంకుడుకాయే అని తెలిసిన రోజు ఆ ఇంట్లో నాకు మొదటిసారి ఏదో తెలిసినట్టు అనిపించింది, కాయలు కొట్టి రసం తీసి చూపించా, మన పద్ధతిలో.

నూనె సంగతి. కొబ్బరి నూనె తెచ్చుకున్నా పుట్టింటి నుంచి, డిసెంబర్ వచ్చేసరికి డబ్బాలో రాయిలా గడ్డకట్టేసింది. ఇక్కడ ఆవనూనె అందుకే అలవాటు, ఎంత చలికైనా పారుద్ది. స్నానానికి గంటో రెండు గంటలో ముందు రాస్తే చాలు. చుండ్రు ఉన్న తలకి రాత్రంతా నూనె వదిలేయకండి, చుండ్రు చేసే ఈస్ట్‌కి ఆ నూనె భోజనం పెట్టినట్టే.

ఆరబెట్టడం, ఇది చాలా ముఖ్యం, ఇక్కడే నేను బోల్తా పడ్డా. జనవరిలో ఇక్కడ పొగమంచు, రోజుల తరబడి ఎండ ఉండదు. వాడు ఒకటో క్లాసులో ఉన్నప్పుడు ఆదివారం బద్ధకించి సోమవారం పొద్దున్నే తల పోసి, సగం తడిగా ఉండగానే జూడా చుట్టి పైన పట్కా బిగించి బస్సెక్కించేదాన్ని. అట్లా రెండు మూడు వారాలు చేశాక ఒకరోజు పట్కా విప్పితే పాత తడి తువ్వాలు వాసన, మాడంతా తెల్ల పొలుసులు, వాడేమో గోకుతూనే ఉన్నాడు. స్కిన్ డాక్టర్ చూసి కీటోకోనజోల్ 2 శాతం షాంపూ రాసి, వారానికి రెండుసార్లు, పెట్టాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు, దాంతో పాటు ఒకటే మాట, తడి జుట్టు ముడేయొద్దు. అప్పట్నుంచి మా ఇంట్లో తలస్నానం అంటే సెలవు రోజు, మధ్యాహ్నం లోపు, ఎండ ఉంటే మేడ మీద. ఎండ లేకపోతే డ్రయ్యర్ చల్లగాలి మీద, దూరంగా. తువ్వాలుతో రుద్దొద్దు, పిండొద్దు, ఒత్తి నీళ్లు తీయాలి అంతే.

దువ్వడం: తడి మీద కంఘా వాడకండి. ముందు వేళ్లు, తర్వాత పెద్ద పళ్ల దువ్వెన, కింది కొస నుంచి మొదలుపెట్టి నాలుగు వేళ్లు నాలుగు వేళ్ల మేర పైకి రావాలి, ముడి తగిలినచోట ముడికి పైన జుట్టుని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని కింద దువ్వాలి, అప్పుడు మాడు లాగదు, పిల్లాడు అరవడు. పూర్తిగా ఆరాక కంఘా. కంఘా చెక్కదే, ప్లాస్టిక్‌ది కాదు. ఆచారం పక్కన పెట్టినా ప్లాస్టిక్ దువ్వెనకి పొడి జుట్టు చిటపటలాడుతూ లేస్తది, చెక్కకి అంత లేవదు. చిన్నదే ఉంటది, అమృతధారులు దాన్ని జూడాలోనే గుచ్చుకుని ఉంచుకుంటారు, రోజంతా. నెలకోసారి పాత బ్రష్‌తో పళ్ల మధ్య మురికి తీయండి, నీళ్లలో నానబెట్టొద్దు, చెక్క ఉబ్బి పళ్లు విరుగుతాయి.

రాలిన వెంట్రుకలు రోజుకి 50 నుంచి 100 మామూలే, కట్టేసిన జుట్టులోంచి ఒకేసారి దువ్వినప్పుడు వస్తాయి కాబట్టి ఎక్కువ అనిపిస్తాయి, కంగారు పడొద్దు. వాటిని చెత్తబుట్టలో వేయడం చాలా ఇళ్లల్లో ఇష్టపడరు. మా బీజీ దగ్గర పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటది, కంఘాలోంచి తీసిన జుట్టు వేలికి చుట్టి ఉండ చేసి అందులో వేస్తుంది, నిండాక కాల్చేస్తుంది. కొందరు పారే నీళ్లలో వదులుతారు. నేను కొత్తలో బాత్రూమ్ జాలీలో వదిలేసేదాన్ని, ఆవిడ ఏమీ అనకుండా వంగి తీసేది, ఎనభై దాటిన మనిషి, నాలుగోసారి చూశాక నేనే మానేశా.

జూడా, పట్కా

జూడా కట్టడం చూస్తే సులువు. తల ముందుకి వంచి జుట్టంతా ముందుకి పడేయాలి, మెడ దగ్గర నుంచి నడినెత్తికి దువ్వుకుంటూ రావాలి, అక్కడ ఒక గుప్పిట్లోకి తెచ్చి మెలితిప్పి దాని చుట్టూ దాన్నే చుట్టి కొస లోపలికి దోపాలి. పెద్దవాళ్లకి నిలబడుద్ది. పిల్లల జుట్టు సిల్కులా జారుద్ది, స్కూల్లో రెండో పీరియడ్‌కే పడిపోద్ది. నేనేం చేస్తానంటే నడినెత్తిన మామూలుగా మన జడ అల్లేసి ఆ జడని చుట్టేస్తా, పైన చిన్న రుమాలు కడతా, సాయంత్రం దాకా కదలదు. రబ్బర్ బ్యాండ్ వద్దు, జుట్టు తెంపుద్ది, బట్ట చుట్టినవి వాడండి.

పట్కా అంటే నాలుగు మూలలా నాడాలున్న చదరపు గుడ్డ, క్రికెట్లో బిషన్ సింగ్ బేడీ, హర్భజన్ సింగ్ తల మీద చూసే ఉంటారు. ముందు అంచు నుదుటి మీద వెంట్రుకల గీతకి కొంచెం కిందగా పెట్టి, ముందు రెండు నాడాలు చెవుల పై నుంచి వెనక్కి తీసుకెళ్లి ముడి, వెనక వేలాడే గుడ్డ పైకి మడిచి మిగతా రెండు నాడాలు జూడా చుట్టూ తిప్పి ముడి. రెండు జతలు కాదు, పది పెట్టుకోండి. ఉతికినవి పూర్తిగా ఆరకపోతే కట్టొద్దు.

బిగువు గురించి చెప్పాలి, ఎందుకంటే అది నా రెండో తప్పు. ఊడిపోకుండా ఉండాలని లాగి లాగి కట్టేదాన్ని, వాడి కనుబొమ్మలు పైకి లేచేంత. ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు మొహం తుడుస్తుంటే కణతల దగ్గర జుట్టు పల్చబడి కనిపించింది, చిన్న చిన్న గుల్లలు కూడా. ట్రాక్షన్ అలోపీషియా అంటారట, రోజూ ఒకేచోట లాగడం వల్ల కుదుళ్లు అలిసిపోవడం. తొందరగా పట్టుకుంటే మళ్లీ వస్తది, ఏళ్ల తరబడి వదిలేస్తే కుదురు మచ్చకట్టి ఇంక రాదు. మావాడికి వచ్చింది, అదృష్టం. అప్పట్నుంచి పాటించేవి: జూడా కట్టాక కనుబొమ్మలు ఎగరేయమంటా, నొప్పి అంటే విప్పి మళ్లీ కడతా. జూడా రోజూ ఒకేచోట కాకుండా ఒక వేలెడు ముందుకో వెనక్కో. ఇంటికి రాగానే వదులు. రాత్రి వదులుగా అల్లిన జడ, తల కప్పుకుని పడుకునే అలవాటున్న ఇళ్లల్లో పైన పల్చటి కేస్కీ, అంటే చిన్న పాగా.

పేలు పడితే. పడతాయి, స్కూలుకెళ్లే ఏ పిల్లలకైనా పడతాయి, దీనికి పొడుగు జుట్టుని తిట్టక్కర్లేదు. గుండు కొట్టించు అనే సలహా మాత్రం చుట్టాలు ఫ్రీగా ఇస్తారు. తడి జుట్టుకి కండిషనర్ దట్టంగా పట్టించి సన్న పళ్ల పేల దువ్వెనతో పాయలు పాయలుగా దువ్వాలి, ప్రతి గీతకీ తెల్ల టిష్యూ మీద తుడిచి చూసుకుంటూ, మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలు. పెర్మెత్రిన్ 1 శాతం లాంటి మందు వాడితే వారం పది రోజులకి మళ్లీ ఒకసారి వాడాలి, గుడ్లు మొదటిసారికి చావవు. పొడుగు జుట్టుకి రెండు గంటలు పడుద్ది, టీవీ ముందు కూర్చోబెట్టండి.

ఈత: ముందు మంచినీళ్లతో తడిపి కొంచెం నూనె రాసి జడ వేసి పట్కా, పైన క్యాప్, బయటికి రాగానే కడిగేయాలి. సైకిల్ హెల్మెట్‌కి జూడా నడినెత్తి మీద కాకుండా వెనక కిందగా కట్టండి, అప్పుడే సరిగ్గా కూర్చుంటది. పాగా కట్టుకున్న సిక్కులకి బండి మీద హెల్మెట్ అక్కర్లేదని మోటార్ వాహనాల చట్టం 1988 సెక్షన్ 129లో ఉంది, అది పాగా కట్టుకున్నవాళ్లకి, అది వేరే సంగతి.

ఆపరేషన్ ఏదైనా వస్తే అడ్మిట్ అయ్యేటప్పుడే చెప్పండి, కేశధారి, అంటే జుట్టు తీయని సిక్కు అని, ఎక్కడా వెంట్రుక తీయకుండా చేయొచ్చా, తీయక తప్పకపోతే ఎంత మేర అని. నర్సులకి తెలీక అలవాటుగా తీసేస్తారు, వాళ్ల తప్పు కాదు, ముందే అడిగితే చాలాసార్లు దారి దొరుకుద్ది.

గడ్డం గురించి నాకు స్వానుభవం లేదు కదా, మా ఆయన్ని చూసి చెప్తున్నా. పొద్దున్న గడ్డం తడిపి ఫిక్సర్ రాసి కిందకి దువ్వి, కొసలు గడ్డం కిందకి మడిచి పిన్ను పెట్టి పైన ఠాఠా అనే గుడ్డ కట్టుకుని కూర్చుంటాడు పావుగంట, ఆ పావుగంట మాట్లాడడు, నాకు ఇంట్లో దొరికే ప్రశాంతత అదొక్కటే. రాత్రి మాత్రం ఆ ఫిక్సర్ కడిగేసి వదిలేయాలి, లేకపోతే దవడ కింద కూడా అదే లాగుడు, అదే పల్చబడటం. మా మామగారు అసలు కట్టరు, విప్పేసి ఉంచుతారు, దాన్ని ప్రకాశ్ దాడీ అంటారు, ఆయన దువ్వెన పెట్టినప్పుడు తెల్లగా మెరుస్తది నిజంగానే.

పాగా

పోయిన వేసవిలో వాడికి దస్తార్‌బందీ అయింది, గురుద్వారాలో గురు గ్రంథ్ సాహిబ్ ఎదురుగా మొదటిసారి పాగా కట్టించడం. అప్పటికి రెండు నెలల ముందు నుంచే ప్రాక్టీస్. గుడ్డ ఫుల్ వాయిల్ అయితే మెత్తగా జారుద్ది, రుబియా అయితే నిలబడుద్ది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి రుబియానే మంచిది. పొడుగు 5 నుంచి 7 మీటర్లు, వెడల్పు చాలకపోతే మధ్యలో రెండు ముక్కలు పొడవునా కలిపి కుట్టిస్తారు.

ముందు నుదుటి మీద ఫిఫ్టీ, అంటే లోపల కట్టే చిన్న పట్టీ, వదులుగా. తర్వాత పూణీ, గుడ్డని పొడవునా మడతలు పెట్టడం. తర్వాత ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, చుట్టు చుట్టుకీ కొంచెం కొంచెం పైకి ఎక్కించుకుంటూ ఐదారు లడ్లు (చుట్లు), ఒక పక్క కుడి చెవి మీద నుంచి ఇంకో పక్క ఎడమ చెవి మీద నుంచి నుదుటి మధ్యలో కోణం వచ్చేలా, చివరి లడ్ విప్పి నడినెత్తి మూసి వెనక దోపడం. పళ్లలో ఉన్న కొస అప్పుడు వదిలి దాన్నీ దోపాలి. సలాయి అని సన్నటి లోహపు పుల్ల ఉంటది, దాంతో చెవుల దగ్గర, మెడ దగ్గర బయటికొచ్చిన వెంట్రుకలు లోపలికి తోసి మడతలు సరిచేసుకుంటారు. ఇవన్నీ చదివితే రాదు, అద్దం ముందు ముప్పై సార్లు విప్పి కట్టాలి. టోపీలా మొత్తంగా తీసి మర్నాడు అట్లాగే పెట్టేసుకునేవాళ్లున్నారు, బీజీ ముందు చేస్తే మాత్రం అయిపోయారే.

అసలు కష్టం పూణీ. ఒక్కరి వల్ల కాదు, అటు ఒకరు ఇటు ఒకరు పట్టుకుని గట్టిగా లాగి పెట్టి సగానికి, మళ్లీ సగానికి మడవాలి, సందు దొరికితే గాలికి గుడ్డ ఎగిరి మడత చెడుద్ది. ఎవరూ లేకపోతే తలుపు గొళ్లేనికి కొస కట్టుకోవాలి. దస్తార్‌బందీకి అమ్మ వచ్చింది, ఆ రోజు పొద్దున్న నేను వంటింట్లో, మా ఆయన ఠాఠా కట్టుకుని కూర్చున్నాడు, వీడు పాగా పట్టుకుని వరండాలోకి వెళ్లి, వచ్చీ రాని తెలుగులో "అమ్మమ్మా, ఒక కొస పట్టుకో" అన్నాడు. ఏం చేయాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. జీవితమంతా పట్టుచీరలు ఇద్దరు పట్టుకుని మడతపెట్టిన చెయ్యి, అంచులు వేళ్లతో చూసుకుని కలిపి రెండడుగులు వెనక్కి వేసి, "గట్టిగా లాగరా, అట్లా వదులుగా పట్టుకుంటే మడత ఎట్లా నిలుస్తది" అంది.